పోయిన ప్లస్ గుర్తు

2015లో నేను మహబూబ్‌నగర్‌లో జిల్లా కంప్యూటర్ విభాగంలో సీనియర్ ప్రోగ్రామర్‌ని. దవాఖానలు బ్లడ్ బ్యాంకుకు ఆన్‌లైన్‌లో అభ్యర్థన పంపడానికి ఒక వెబ్ అప్లికేషన్ ఆ ఏడాది మొదలైంది. ఆ పని నాకే వస్తుందని ఇంట్లో కూడా చెప్పుకున్నాను. నల్గొండ నుంచి బదిలీ మీద వచ్చిన స్వరూపకు ఇచ్చారు. సర్వీసులో నాకంటే చాలా చిన్నది. ఆమె రాసినదాన్ని పరీక్షించడం నా వంతు.

కడుపు మండింది. మీటింగులో ఆమె మాట్లాడితే ప్రాజెక్టు అధికారి రాసుకునేవాడు. నేను మాట్లాడితే ఫోన్ చూసుకునేవాడు. ఆమె కోడ్‌లో తప్పు దొరకాలని కోరుకుంటూనే రోజూ కూర్చునేవాణ్ణి. బయటి నుంచి వచ్చే సమాచారాన్ని సర్వర్ మొదట విడదీసి చదవాలి, తర్వాత అది చెల్లుతుందో లేదో చూడాలి. చాలామంది ఈ తనిఖీ వెబ్ పేజీలో పెట్టి ఊరుకుంటారు. అందుకే పేజీని తప్పించి నేరుగా సర్వర్‌కే చెత్త పంపాను. వయసు దగ్గర పేరు, పేరు దగ్గర ఖాళీ. అన్నీ తిప్పికొట్టింది.

కొన్నాళ్లకు కల్వకుర్తిలోని ఒక దవాఖాన నుంచి ల్యాబ్ టెక్నీషియన్ ఫోన్ చేసింది.

"సార్, బీ పాజిటివ్ అని పంపుతున్నం. మీది తీస్కుంటలేదు. గిట్లయితే ఎట్ల?"

నాకు సంతోషమైంది.

మాకు చేరుతున్నదాంట్లో బీ అని మాత్రమే ఉంది, పక్కన గుర్తు లేదు. అధికారి మా ఇద్దర్నీ పిలిచాడు. "గుర్తు లేకుంటే పాజిటివ్ అనుకునేటట్టు రాయుండ్రి. మస్తుమంది పాజిటివే కదా," అన్నాడు.

స్వరూప ఒప్పుకోలేదు. "గ్రూపులు ఎనిమిదే సార్. అండ్ల లేనిది ఏదొచ్చినా వాపస్ పంపాలె. మనం అనుకునుడు వద్దు."

ఆయన నావైపు తిరిగాడు. "యాదగిరీ, మీరు మార్చుండ్రి. ఇగ ఇది మీరే చూస్కోండి."

నేను కోరుకున్నది అదే. మార్చే ముందు, సర్వర్‌కు వచ్చిన అభ్యర్థనలను వచ్చినవి వచ్చినట్టే తీసి చూశాను. ఆ దవాఖాన సాఫ్ట్‌వేర్ వెబ్ చిరునామాకే సమాచారం తగిలించి పంపుతోంది. అలా పంపేటప్పుడు ప్లస్ గుర్తును వేరే సంకేతంగా మార్చాలి. లేకపోతే సర్వర్ దాన్ని ఖాళీ జాగాగా చదువుతుంది. వాళ్ల ప్లస్‌లన్నీ అట్లా పోయినవే. ఒక్కదాంట్లో మాత్రం బీ తర్వాత ఖాళీ కూడా లేదు. ఫోన్ చేసి అడిగాను.

"అది బీ నెగెటివ్ సార్. కాన్పు కేసు. సిస్టర్ గుర్తు కొట్టుడు మర్సింది," అంది టెక్నీషియన్. "వాపస్ వచ్చినంక మళ్ల సరిగ్గ పంపినం. రక్తమొచ్చింది, తల్లి మంచిగుంది."

ఎక్కించే ముందు రక్తం కలుస్తుందో లేదో ల్యాబులో ఎలాగూ చూస్తారు. కానీ అధికారి చెప్పినట్టు రాసి ఉంటే బ్లడ్ బ్యాంకు నుంచి పాజిటివ్ రక్తం బయల్దేరేది. పనికిరాదని అక్కడ తేలేది. దొరకడమే కష్టమైన గ్రూపు కోసం మళ్లీ మొదటి నుంచి వెతుకులాట. బాలింతకు అంత వ్యవధి ఉండదు.

అధికారి దగ్గరికి వెళ్లి స్వరూప అన్నదే సరి అని, మార్చుకోవాల్సింది ఆ దవాఖానవాళ్లే అని చెప్పాను. ఆయన అంతా విని, "అయితే మళ్ల ఆమెనే చూస్కోనీ," అన్నాడు.

బయటికొచ్చాక స్వరూప థాంక్స్ చెప్పింది. తల ఊపి నా సీటుకు పోయాను. అసూయ తగ్గలేదు. ఆమె కోడ్ మొత్తం చదివినందుకు ఇంకొంచెం పెరిగింది.

అర్థంకాని సమాచారాన్ని ఊహతో పూరించకూడదు, పంపినవాళ్లకే తిప్పి పంపాలి. ఎందుకు తిప్పి పంపామో కూడా చెప్పాలి. ఆ రెండోది స్వరూప రాయలేదు. నేను రాశాను.