డిటెక్టరు నుదుటి బొట్టు

పసుపు కుంకుమలతో ఒక ల్యాబును ముంచినవాణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

పాలమూరులో ఒక కాలేజీ ల్యాబులో నాది ఆరునెలల కొలువు. గామా కిరణాలను వెతికే అంతరిక్ష టెలిస్కోపు చుట్టూ ఒక కవచం ఉంటుంది. పిలవని పేరంటానికి వచ్చినట్టు వేరే రేణువులు దూసుకొస్తే, ఆ కవచంలోని ప్లాస్టిక్ పలక లోలోపల మిణుక్కుమంటుంది. గోరంత సెన్సరు ఆ మిణుకును పట్టి, "వీడు మనవాడు కాదు, లెక్కలో వేయకండి" అని చెబుతుంది. బయటి వెలుతురు చొరబడిందా, దానికి పిచ్చెక్కుతుంది. అందుకే పలకనంతా నల్లటేపుతో చుట్టేవాళ్లం. మా ల్యాబులో చేసిన నమూనా పలకను, పరీక్ష చూడటానికి వచ్చే పెద్దసార్లు మెచ్చితే నా కొలువు నిలుస్తుంది. లేదంటే మా ఊరు కోస్గికి బస్సే.

మాది మగ్గాల ఇల్లు. బొట్టు పెట్టనిదే బాపు కొత్త పడుగు ముట్టేవాడు కాదు. పైగా నేను శనివారం భజనలో భాగవతం చెప్పేవాణ్ని. స్తంభంలో వెలిసిన స్వామికి ప్లాస్టిక్ పలక ఒక లెక్కా? పరీక్ష రోజు మా ల్యాబు నడిపే సరళ మేడం కంటే ముందే ల్యాబుకు చేరాను. టేపు మీద పెడితే నుదుటికి కాక అంగీకి పెట్టినట్టుంటుందని, రెండు వేళ్ల మేర టేపు ఊడదీసి, పలకకు నుదురెక్కడో నేనే నిర్ణయించి, నిండుగా పసుపు రాసి బొట్టు పెట్టి, మళ్లీ అంటించాను. పసుపు మీద టేపు నిలవదని భాగవతంలో ఎక్కడా లేదు మరి!

మేడం వచ్చి మీట నొక్కింది. తెర మీద మిణుకులను లెక్కపెట్టే అంకెలు కుక్క చొరబడ్డ గొర్రెల మందలా పరుగెత్తాయి.

"ఏంది నర్సింలు, గిన్ని వస్తున్నయ్?"

"స్వామి దయ మేడం! ఇయ్యాల ఆకాశమంత మన పలక మీదనే కురుస్తాంది!"

"జర ఆ ట్యూబులైటు బంజెయ్."

బంద్ చేశాను. అంకెలు చప్పున చల్లబడ్డాయి.

"నీ స్వామి లైటేస్తె వస్తడు, తీస్తె పోతడా?"

ఆమె కరెంటు ఆపి టేపు లేపింది. వేలు పచ్చబడింది.

"ఇదేంది?"

"బొట్టు మేడం."

"ఎవలికి?"

"పలకకు."

అంతలో బయట పెద్దసార్ల కారు ఆగింది. చేసుకున్నవారికి చేసుకున్నంత అంటారు. నాది పూసినవాడికి పూసినంత. ఏడుపు ముఖంతో టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకోబోయాను.

"ఏడుపు తర్వాత ఏడువు. ముందు తుడిచి గట్టిగ చుట్టు. సార్లకు నేను చాయ్ తాపిస్త."

రెండు చాయ్‌లయ్యేసరికి అంకెలు దారిలో పడ్డాయి. "ఆలస్యమెందుకైంది?" అన్నాడు పెద్దసారు. "వెలుతురు సందు దొరికింది సార్, మూసినం," అంది మేడం. నా పేరెత్తలేదు. నాకే మనసు ఒప్పలేదు. పచ్చటి వేళ్లు చూపి అంతా చెప్పేశాను.

సారు కళ్లద్దాలు తీసి నా వేళ్ల మీదికి వంగాడు.

"కుంకుమ ఇంకేమన్న మిగిలిందా?"

"ఉన్నది సార్."

"అయితే నాకు పెట్టు. దానికి మాత్రం వద్దు బిడ్డా!"

కొలువు నిలిచింది. నా పొద్దుటి ప్రార్థనలో ఇప్పటికీ స్వామి తర్వాతి పేరు సరళ మేడంది. సకల చరాచర రేణువుల సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: నుదురు లేనిదానికి ఈ జన్మలో బొట్టు పెట్టను.