నూకలు తిన్న పుంజు

పక్కింటివాళ్ళు కుక్క కోసం నూకలు పొయ్యి మీద పెడితే ఆ గంజి వాసన మా వసారాలోకి వస్తుంది. అరవై దాటినదాన్ని, శత్రువుల్ని ప్రేమించమన్న వాక్యం కంఠతా వచ్చినదాన్ని, అయినా ఆ వాసన తగిలితే చాలు, సంఘపెద్ద యోహాను గారు గుర్తొచ్చి పళ్ళు నూరుకుంటాను.

గోదావరికి రైలు వంతెన ఇంకా కట్టని రోజులు. నరసాపురానికి దిగువన, ఏటి ఒడ్డున మా పల్లె. తాటాకు కప్పిన మట్టిగోడల గుడి ఏడాది ఖర్చంతా రెండు దారుల్లో గడిచేది. ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి దేవుడి కుండలో వేసేవారు. నెలకోసారి ఆ కుండలన్నీ గుళ్ళో కుమ్మరిస్తే, ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు వాక్యం చెప్పే ఉపదేశి గారి జీతానికీ, దీపాల నూనెకీ, వానల ముందు తాటాకు మార్పించడానికీ సరిపోయేది. రెండోది కోతల పండుగ. గుమ్మానికి వరి కంకుల తోరణాలు, లోపల గుమ్మడికాయలు, అరటి గెలలు, మట్టి వదలని కంద దుంపలు, బుట్టల కింద కోళ్ళు, అన్నీ కలిసిన పచ్చి వాసన. ఆరాధన కాగానే వాటిని వేలం వేసేవారు. ఆ డబ్బు చూసుకునే ఈస్టరుకు ఎన్ని కుంచాల బియ్యం వండాలో, క్రిస్మసుకు పిల్లలకు ఎన్ని అరిసెలు పంచాలో పెద్దలు నిర్ణయించేవారు. పెద్దలంటే యోహాను గారే.

మాకు పొలం లేదు. నాన్న పట్టిన చేపలకు మారుగా ఊళ్ళో ఏవి కొలిస్తే అవే మాకు బియ్యం. వానాకాలంలో అవి నూకలే. ఒక నెల అమ్మ కుండ కుమ్మరించగానే యోహాను గారు చేత్తో కెలికి చూశారు.

"ఏంటి మరియమ్మా, దేవుడికి నూకలేంటి? మా కోళ్ళకి పోయించు."

అని ఊరుకోలేదు, పాలేరు చేత బుట్టలోకి ఎత్తించి నిజంగానే ఇంటికి పంపారు. గుడంతా నవ్వింది. చెల్లాయి జావ చాలక ఏడుస్తుంటే కూడా అమ్మ తీసి దాచిన గుప్పెళ్ళవి. ఆయన కోళ్ళన్నిటికీ తెగులు రావాలని ఆ రోజు నుంచి నేను మోకరించి ప్రార్థించాను. దేవుడు విననట్టుంది, అవి ఇంకా బలిశాయి.

అమ్మ శాపనార్థాలు పెట్టే మనిషి కాదు. మిషను దొరసాని గారికి లేసు అల్లి ఇచ్చేది. వచ్చిన కూలిలో కొంత కొంగున ముడి వేసేది. ఎందుకే అంటే, "పండక్కే" అనేది.

యోహాను గారి పండుగ కానుక ఏటా ఒక్కటే, బాదం పప్పు మేపి పెంచిన ఎర్రటి డేగ పుంజు. పండక్కి వచ్చే మిషను దొరగారి ముందు దాన్ని దేవుడికి అర్పించి, వేలంలో పావలాకి మళ్ళీ తనే పాడుకునేవారు. ఇచ్చినవాడి మీద ఎవరూ పాడకూడదన్నది మర్యాద. అలా పేరుకు పేరు, పుంజుకు పుంజు. పైగా దేవుడి దగ్గర పెట్టి విడిపించిన పుంజు పందెంలో ఓడదని ఆయన నమ్మకం. కోడిపందేలు ఆడినవాణ్ణి సంఘంలోంచి వెలివేస్తామని దొరగారి కట్టడి. ఈయన పందేల సంగతి దొరగారికి తప్ప ఊరందరికీ తెలుసు.

ఆ ఏడు ఆయన "పావలా" అనగానే ఆడవాళ్ళ వరసలోంచి అమ్మ లేచింది.

"అర్ధరూపాయండి."

ఆయన "రూపాయి" అన్నారు.

"రూపాయి బేడండి."

"కూరకి అంత ఖరీదేంటి, మరియమ్మా?" అని ఆయన నవ్వబోయారు.

"మా నూకలు తిన్న పుంజు కదండి. రుచిగా ఉంటుందండి."

దొరగారు తన ముక్కల తెలుగులో, "యోహాను, ఒక కోడికి ఇంకా ఎక్కువ ఎందుకు?" అని అడిగారు. ఆ పుంజుకు ఇరవై అయినా ఇవ్వగల మనిషి, ఎందుకిస్తున్నారో చెప్పలేక తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు. ఉపదేశి గారు వేలం గంట మూడోసారి కొట్టారు. అమ్మ కొంగు ముడి విప్పింది.

సంక్రాంతి పందేలకు ఇంకా వారం ఉంది. అమ్మ ఆ మధ్యాహ్నమే దాన్ని కోయించి, కొబ్బరీ ధనియాలూ మిరియాలూ నూరి వేసి వండింది. గట్టి మాంసం, ఉడకడానికి రెండు జాములు పట్టింది. మొదటి గిన్నె మీద అరిటాకు మూసి నా చేతికిచ్చి, "పెద్దలకి పెట్టకుండా మనం తినకూడదమ్మా, ఇచ్చిరా" అంది. యోహాను గారు ఆకు ఎత్తి చూశారు. వెంటనే మళ్ళీ మూసేశారు. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇప్పుడు మా గుడికి పెంకు కప్పు వచ్చింది. గుప్పెడు కుండలు పోయాయి, వేలం మోటు పద్ధతని ఆపేశారు, కానుకలు కవర్లలో వేయిస్తున్నారు. ఎవరు ఎంత ఇచ్చారో ఎవరికీ తెలియదు, బీదవాళ్ళకు అదే గౌరవం అంటారు. మొన్న ఆదివారం కోశాధికారి ఒక చేపలమ్మే ఆమె కవరు చెవి దగ్గర ఆడించి చూసి, పక్కవాడికి కన్ను గీటాడు. ఆమె చూసింది, తల వంచుకుంది. ఎదురు పాడటానికి ఆమెకు వేలం లేదు.