ఒక కేబుల్, రెండు చివరలా ప్రశ్నలు

ఫిల్మ్‌నగర్‌లో ఒక అద్దె ఇంటి పడకగది మా గ్రాఫిక్స్ ఆఫీసు. ఒక నిర్మాత సొంతానికి పెట్టుకున్నాడు. అందులో రెండు యూనిక్స్ కంప్యూటర్లు, వాటి నెత్తిన కుంకుమ బొట్లు, వాటి బాగోగులు చూసే మహానుభావుణ్ణి నేను. అమీర్‌పేటలో కోర్సు చేసిన అందరిలాగే నాకూ ఆ రోజుల్లో రానిదంటూ లేదు.

ఒక శుక్రవారం పొద్దున, ఎవరూ అడక్కుండానే, పెద్ద కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగులు బాగుచేయబోయి చెడగొట్టాను. దానికి మానిటర్ లేదు. నెట్‌వర్క్ మీదుగా లోపలికి వెళ్లే ఒక్క దారీ మూసుకుపోయింది. ఒక పాట గ్రాఫిక్స్ మొత్తం అందులోనే ఉన్నాయి. సాయంత్రంలోగా అవి సినిమా ప్రింట్లు వేసే ల్యాబుకు చేరకపోతే నా ఉద్యోగం ఉండదని నిర్మాత వచ్చి మొహం మీదే చెప్పాడు.

"ఏం పర్లేదు సార్. రెండింటికీ వెనక సీరియల్ కేబుల్ తగిలిస్తే, ఈ చిన్నదాంట్లోంచి దాని లోపలికి వెళ్లొచ్చు" అన్నాను.

"ఐతే రాహుకాలం రాకముందే పెట్టు. మల్ల అది అయిపోయేదాంక ఎవ్వరు ముట్టద్దు" అన్నాడాయన.

ఆ తొందరలో కేబుల్ గుచ్చేశాను. రెండింటి లైట్లూ టకటకా కొట్టుకున్నాయి. ఆయన మురిసిపోయి కొబ్బరికాయ కొట్టించాడు. నేనూ సిగ్గులేకుండా హారతి కళ్లకద్దుకుని, టీ తాగుతూ, యంత్రాలు మాట్లాడుకునే విధానం మీద ఉపన్యాసం దంచాను.

టీ అయ్యాక చిన్నదాని తెర చూసి కప్పు పక్కన పెట్టేశాను. కేబుల్ తగలగానే ఏ కంప్యూటరైనా పేరు చెప్పమని 'నువ్వెవరు' అని అడుగుతుంది; ఇటు చివర చిన్నదాన్ని అలా అడగకుండా ముందే ఆపాలి. మర్చిపోయాను. ఇది "నువ్వెవరు" అంటే, అదీ "నువ్వెవరు" అంటోంది. ఆ ప్రశ్ననే జవాబనుకుని ఇది "తప్పు, మళ్లీ చెప్పు" అంటోంది. అదీ అదే అంటోంది. హారతి పట్టింది ఈ తగువుకే.

ఆయనకు చెప్పక తప్పలేదు.

"అంటే రెండు అడుగుతనే ఉన్నయ్, ఒక్కటి కూడ జవాబు చెప్తలేదు. మా స్టోరీ సిట్టింగుల గిట్లనే అయితది" అన్నాడాయన. "ఎట్ల ఆగుతది?"

"ఒకటి అడగడం మానాలి సార్. ఇక్కడ ఒక్క లైను మార్చాలి. కానీ రాహుకాలం మొదలైంది. అది అయ్యేదాకా ఆగితే పాట సాయంత్రానికి అందదు..."

ఆయన గడియారం చూశాడు, దేవుడి పటం చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"నేను జర బయట నిలబడ్త. నేను చూడనిది లెక్కల రాదు."

ఆయన తలుపు దగ్గరికి లాగాక లైను మార్చాను. చిన్నది నోరు మూసుకుంది. పెద్దది నా పేరు అడిగి లోపలికి రానిచ్చింది. సెట్టింగులు సరిచేశాను, సాయంత్రానికి పాట ల్యాబుకు చేరింది.

"సార్, నా ఉద్యోగం..." అని నసిగాను.

"ఉంటది, ఫికర్ చెయ్యకు. గానీ ఇద్దరిల ఒకరు నోరు మూసుకుంటేనే పనైతదని నువ్వే చూపిస్తివి. రేపటి సంది గా ఒకరు నువ్వే."