గుండుసూదుల ఇల్లాలు

బట్టలు కుట్టే ఆ ఇల్లాలికి కోపమొస్తే నోరు పెగలదు. పంటితో దారం కొరికే చప్పుడు మాత్రం పక్క గదిలోకి వినిపిస్తుంది. పెదవుల మధ్య గుండుసూదులు, మెడలో టేపు, మిషన్ పక్కన ట్యాబ్. రోజంతా ఊరివాళ్ల చొక్కాలు కుట్టి, టీవీ రికార్డర్లో దాచుకున్న సీరియల్ చూడటమొక్కటే ఆవిడ సరదా. దాని ఆఖరి భాగాన్ని మొగుడు తన ఫుట్‌బాల్ మ్యాచ్‌ల కోసం చెరిపేశాడు. "చోటు చాల్లేదే. అయినా ఏముంది అందులో? మళ్లీ ఎప్పుడో వేస్తార్లే," అన్నాడు. ఆవిడ దారం కొరికింది.

ఫైనల్ నాడు హాలు నిండా అతని స్నేహితులే. "మీసానికి రంగా? నేనా? మా వంశంలోనే తెల్ల వెంట్రుక ఎరగం," అని అతను మీసం దువ్వాడు. ఆఖరి నిమిషంలో ఆటగాడు బంతిని తన్నబోతుండగా, లోపలి గదిలో ఆవిడ ట్యాబ్ మీద వేలు నొక్కింది. ట్యాబ్‌లోంచి ఏం పంపినా, ఆ రికార్డర్ నడుస్తున్నదాన్ని ఆపేసి మరీ టీవీలో చూపిస్తుంది. వైరు కూడా అక్కర్లేదు. తలుపు సందులోంచి ఆవిడ తీసిన వీడియో తెర నిండా పరుచుకుంది: అద్దం ముందు మొగుడు కూనిరాగం తీస్తూ, పాత టూత్‌బ్రష్‌తో మీసానికి నల్లరంగు పట్టిస్తున్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. "తియ్యవే! గోల్ పడిందో లేదో!" అని అతను గుమ్మంలోకొచ్చి అరిచాడు. ఆవిడ పెదవుల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి మెత్తకు గుచ్చింది.

"ఏముందండీ అందులో? మళ్లీ ఎప్పుడో వేస్తార్లెండి."