అసిరయ్య మెడ మీద దోసకాయ

కోటబొమ్మాళి సంతలో చేపలమ్మే గున్నమ్మను ఎరగనివాళ్ళు ఉంటే ఉండొచ్చు గాని, ఆమె కర్రను ఎరగనివాళ్ళు లేరు. చీపురుపల్లి పోటీల్లో తనకంటే జానెడు ఎత్తున్న మగవాణ్ణి డప్పు దరువు మారేలోగా మట్టి కరిపించింది గున్నమ్మే. గరివిడి జాతరలో ఇద్దరు ఒక్కసారే మీదికొస్తే ఒకడి మోచెయ్యి, రెండోవాడి ముక్కు పగలగొట్టి, ఆ ముక్కుకు తన కొంగే చింపి అదిమిపెట్టిందీ గున్నమ్మే. రైల్లో ఆమె చేపల గంపను కాలితో తన్నిన ఒక మొనగాడు తన పళ్ళను ప్లాట్‌ఫారం మీద ఏరుకున్నాడు. మా తీరంలో పిల్లలు కూడా ఇవన్నీ చెప్పగలరు. అవన్నీ ఒక ఎత్తు, నిరుడు అసిరితల్లి పండగనాడు కన్నతండ్రి మెడ మీద ఆమె వేసిన కత్తివేటు ఒక ఎత్తు.

గున్నమ్మ ఊరు సముద్రం ఒడ్డున ఉంది. అక్కడ కర్రసాము, కత్తిసాము నేర్పే పాకను తాలింఖానా అంటారు. లోపల ఇసుక నేల, చూరుకు వేలాడే కర్రలు, దేవుడి పటం కింద ఒక కత్తి. ఆ తాలింఖానాకు గురువు గున్నమ్మ తండ్రి అసిరయ్య. గురువు ముసలివాడై తన కర్రను ఇంకొకరి చేతిలో పెట్టాలంటే తాతల నాటి పద్ధతి ఒకటుంది. కర్ర కోరినవాళ్ళు ముందు బరిలో కొట్టుకోవాలి. గెలిచినవాళ్ళు కళ్ళకు గుడ్డ కట్టుకుని, నేల మీద పడుకున్న గురువు మెడ మీద పెట్టిన కీరదోసకాయను ఒక్క వేటుతో రెండు చెయ్యాలి. కర్ర ఇచ్చేవాడు మెడ కూడా ఇవ్వాలి అన్నది అక్కడి మాట. అసిరయ్య తన కాలంలో వేసిన వేటుకు ఆయన గురువు మెడ చర్మం చిట్లింది. ఆ మచ్చతోనే ఆ గురువు కాటికి పోయాడు.

గున్నమ్మకు ఆ కర్ర కావాలి. చిక్కల్లా పడుకునే మెడ అసిరయ్యది కావడమే.

అసిరయ్య చెప్పి నేర్పిన మనిషి కాడు, కొట్టి నేర్పిన మనిషి. రెప్ప వేస్తే దెబ్బ, అడుగు తడబడితే దెబ్బ. డప్పుల వైపు చూసిందని పన్నెండేళ్ళ పిల్ల ఎడమ మణికట్టు విరగ్గొట్టాడు. అది వంకరగానే అతుక్కుంది. విద్య ఇలాగే వస్తుంది కాబోలని గున్నమ్మ దాన్ని ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది వేరే ఉంది. ఆనాడు బిడ్డకు అడ్డం వచ్చిన తల్లి జగ్గమ్మను అసిరయ్య అదే కర్రతో చెవి మీద కొట్టాడు. జగ్గమ్మ కుడిచెవిలోంచి నెత్తురు కారి జాకెట్టు తడిసింది. ఆ చెవికి ఆ తరువాత సముద్రం హోరు కూడా వినబడలేదు. అప్పటినుంచి తండ్రి మెడను చూసినప్పుడల్లా గున్నమ్మ చేతివేళ్ళు వాటంతటవే ముడుచుకునేవి.

పండగ దగ్గరపడింది. గున్నమ్మ కళ్ళకు గుడ్డ కట్టుకుని, అరటిబోదె మీద దోసకాయ పెట్టి సాధన మొదలుపెట్టింది. దోసకాయ ప్రతిసారీ తెగింది. ప్రతిసారీ బోదె కూడా తెగింది.

అసిరయ్య వచ్చి ఆ గాటులో వేలు పెట్టి చూశాడు.

"ఇక్కడికి నా గొంతు అయిపోనాది. ఇంకో వేలెడు దిగితే ఎనక ఎముక."

"గుడ్డ కడితే దూరం తెలీడం నేదయ్యా."

"అబద్దమాడకు. దూరం నీ సేతికి తెలుసు. నీ బుర్రలో ఎవులో కూకోని ఆ సేతిని తోస్తన్నారు. కత్తి ఎత్తినప్పుడు బుర్రలో ఎవులూ ఉండకూడదే. నువ్వు కూడా ఉండకూడదు."

"అమ్మ ఉన్నాది. దాని సెవి ఉన్నాది."

ముసలాయన బోదెను కాలితో పక్కకు దొర్లించాడు.

"ఉంటాది మరి. పండగనాటికి కాళీ సేసుకో. నేదంటే మీ బావకి ఒగ్గేసి పో."

ఆ బావ ధనరాజు. గున్నమ్మ మేనత్త కొడుకు. గరివిడిలో ఫ్యాక్టరీ పని చేసి చేసి భుజాలు దున్నపోతు మూపురాల్లా పెంచినవాడు. గురువు కర్ర మీద అతనికీ ఎప్పటినుంచో కన్నుంది.

పండగనాడు మధ్యాహ్నం ఎండలో బరి గీశారు. జనం సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. అసిరయ్య నులకమంచం మీద కూర్చున్నాడు.

"ఒసే గున్నా, గంప దించి వచ్చినావేటి? బరంతా నీసు కంపు" అన్నాడు ధనరాజు.

"నీకు కూడా పొలుసు తీసీసి పోదామని వచ్చినాను బావా. బేగి రా, సంతకి టైమైపోతాది."

జనం ఘొల్లుమన్నారు. ఆ నవ్వు ఆగకముందే ధనరాజు కర్ర దిగింది. గున్నమ్మ కాచుకుంది గాని, ఆమె కన్ను మంచం మీది మెడ వైపు పోయింది. రెండో దెబ్బ పక్కటెముకల మీద పడింది. లోపల ఎండుపుల్ల విరిగినట్టయింది. మూడోది పెదవి మీద. నోటినిండా ఉప్పనీళ్ళలా నెత్తురు. ఈ మెడ నాకు దక్కాలి, దక్కాలి అనుకున్న కొద్దీ ఆమె కర్ర ఆలస్యమైంది. ధనరాజు ఆగలేదు. మోకాలి మీద కొట్టాడు, భుజం మీద కొట్టాడు, పడినదాన్ని లేవనిచ్చి కణత మీద కొట్టాడు. ఎడమకన్ను ఉబ్బి మూసుకుపోయింది.

"పడిపోవే మరదలా, సాలింక!"

ఆ మాట సగమే వినబడింది. ఆ తరువాత డప్పు వినబడలేదు, జనం వినబడలేదు. నొప్పి ఉంది, అది ఎవరిదో తెలియలేదు. కెరటం విరిగే చోట తెప్ప తనంతట తాను నిటారుగా లేచినట్టు కర్ర లేచింది. ధనరాజు ముంజేతి ఎముక తెల్లగా బయటికొచ్చింది. అదే ఊపులో కర్ర వెనక్కి తిరిగి అతని దవడను పక్కకు నెట్టింది. మూడోసారి మోకాలి వెనక తగిలింది. ధనరాజు బోర్లా పడి, నోట్లో ఇసుక, నెత్తురు కలిపి కక్కుకున్నాడు. అతని కర్ర దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది.

అసిరయ్య లేచాడు. పై గుడ్డ తీసేసి బరి మధ్యలో వెల్లకిలా పడుకున్నాడు.

డప్పు కొట్టే ఎర్రన్న పరుగెత్తుకొచ్చాడు. "మావా, మనిషి తూలిపోతన్నాది! ఓ గంట ఆగు, నీళ్ళన్నా తాగనీ!"

"గంట ఆగితే నాను సస్తాను. ఇప్పుడే కానీ" అన్నాడు అసిరయ్య.

కళ్ళకు గుడ్డ కట్టాల్సింది గురువు ఇల్లాలు. జగ్గమ్మ కట్టిన ముడి రెండుసార్లు జారింది. మొగుడి మెడ మీద దోసకాయ పెట్టి, వెనక్కి నడుస్తూ పసుపుతాడును గుప్పిట్లో పట్టుకుంది.

చీకట్లో గున్నమ్మకు దోసకాయ పచ్చివాసన తగిలింది. దాని వెనక తండ్రి ఒంటి చుట్ట వాసన. ఇన్నేళ్ళూ పెంచిన పగ కోసం లోపల తడిమింది. దొరకలేదు. అమ్మ చెవి కోసం తడిమింది. అదీ లేదు. దెబ్బలు అన్నిటినీ ఊడ్చుకుపోయాయి. చివరికి తడిమే మనిషి కూడా లేకుండా పోయింది. కత్తి ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో ఆమెకు ఈనాటికీ తెలియదు.

జగ్గమ్మ కేకతో గున్నమ్మ మళ్ళీ తన ఒంట్లోకి వచ్చింది. గుడ్డ లాగేసి చూసింది. దోసకాయ మెడకు అటొక ముక్క, ఇటొక ముక్క. మెడ మీద రసం తప్ప నెత్తురు చుక్క లేదు. నెరిసిన గడ్డం వెంట్రుక ఒకటి కత్తి అంచుకు అంటుకుని ఉంది. అసిరయ్య వల్ల కానిది, ఆయన గురువుకు దక్కనిది, నీసు గంప మోసే ఆడది చేసి చూపించింది. ఈ మాట ఎక్కడైనా నిలబడి చెప్పవచ్చు.

అసిరయ్య లేచి కూర్చుని మెడ తడుముకున్నాడు.

"నన్ను సంపాలని నేదేటే?"

"ఉండేదయ్యా. గుడ్డ కట్టినాక ఎతికినాను, కనపడనేదు."

"మరిప్పుడో?"

"గుడ్డ ఇప్పగానే వచ్చీసింది."

ముసలాయన తన కర్రను కళ్ళకద్దుకుని కూతురి చేతిలో పెట్టాడు. కర్ర పుచ్చుకున్నవాళ్ళు దానితో పాత గురువు భుజాన్ని ఒకసారి తాకించాలి. అది దండం పెట్టడం కిందే లెక్క, మెల్లగా తాకించాలని పద్ధతి. గున్నమ్మ మెల్లగా తాకించలేదు. ఆ చప్పుడు డప్పులకు అవతలివాళ్ళు కూడా విన్నారు.

మర్నాడు పొద్దున్న జగ్గమ్మ మూకుట్లో ఉప్పు వేయించి, మూట కట్టి, మొగుడి భుజానికి కాపడం పెట్టింది.

"మెల్లగా ఒత్తవే, సచ్చిపోతన్నాను" అని మూలిగాడు అసిరయ్య.

"ఏటీ?" అంటూ జగ్గమ్మ అతనివైపు తన కుడిచెవి తిప్పింది.