ఎడారికి చెక్కుబంది

మా ఆవిడ నా మాట నమ్మడం మానేసి ఇరవై రెండేళ్ళయింది. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, అది మొదలైంది తలకోనలో. పెళ్ళయిన కొత్తలో, అక్కడ ఐరావతం తొండమంత లావున నీళ్ళు ఆకాశంలోంచి దూకుతాయనీ, ఆ హోరుకు మైలు దూరంలో నిలబడ్డవాడి పంచె కూడా ఎగిరిపోతుందనీ ఊరించి, నడివేసవిలో తీసుకుపోయాను. బండ మీద నుంచి సన్నటి ధార ఒకటి, వీధిలో ఆఖరి ఇంటి కొళాయికి వచ్చేంత, కారుతోంది. ఆమె ఆ ధార కింద చెయ్యి పెట్టి, దోసిలి నిండేదాకా ఓపిగ్గా నిలబడి, మొహం కడుక్కుని, “ఐరావతానికి జలుబు చేసినట్టుండాదే,” అంది. ఆ రోజు నుంచి నేను వాన పడుతోందని చెప్పినా కిటికీ దాకా వెళ్ళి చూసి వస్తుంది.

నా వృత్తి తెలిసినవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. చిత్తూరులో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా బడ్డీలో కూర్చుని దస్తావేజులు రాస్తాను. ఇల్లో పొలమో చేతులు మారేటప్పుడు ఆ ఆస్తికి నాలుగు దిక్కులా ఏముందో కాగితంలో రాయాలి. దాన్నే చెక్కుబంది అంటారు. తూర్పున ఫలానావాళ్ళ మామిడితోపు, పడమర బండ్లబాట, ఉత్తరాన వంక, దక్షిణాన మరొకరి చెరుకు మడి. అందులో జానెడు ఎక్కువ రాస్తే రెండు కుటుంబాలు రెండు తరాలు కోర్టు మెట్లు అరగదీస్తాయి. అందుకని పగలంతా నా కలం గీత దాటదు. సాయంకాలం బడ్డీ మూయగానే మాత్రం నోరు కట్లు తెంచుకుంటుంది. పొద్దున ఆఫీసు గోడ మీద చూసిన పిల్లి ఇంటికి చేరేసరికి చిరుతపులి అవుతుంది.

నమీబియా సంగతి ఫోనులో ఒక వీడియో చూసి మొదలైంది. ఆఫ్రికాలో పడమటి కొసన, కింది వైపున ఉన్న దేశం. ఎర్ర ఇసుక, మధ్యలో గీత గీసినట్టు ఒక రోడ్డు, రోడ్డు మీద ఒకే ఒక కారు. మనలాగే ఎడమ పక్కన తోలుతారట. ఆ కారులో నేనుండాలని అప్పటికప్పుడు నిశ్చయమైపోయింది.

“నువ్వు కూడా రా మే. సముద్రమంత ఎడారి. కొండలంత ఇసుక,” అన్నాను.

“తలకోన మాదిరేనా?”

“కాదు, ఇది నిజం.”

“నువ్వు కాణిపాకంలో సత్యం చేసి చెప్పినా నమ్మను. నీ మాట ఇంటే వినాయకుడికే అనుమానం వస్తాది.” చేటలో చెనిక్కాయలు ఏరుకుంటూ కొంచెం సేపు ఆలోచించింది. “ఒగ పని చెయ్యి. ఈ తూరి నువ్వొగడివే పొయ్యిరా. సూసింది సూసినట్ల సెప్పు. గింజంత గూడా పెంచాకు. నాకు నమ్మకం కుదిరితే మళ్ళా పొయ్యేటప్పుడు నేనూ వస్తా. కుదరలేదా, ఇంగ ఈ జన్మకు నన్ను యాడికీ రమ్మనాకు.”

నవ్వుతూనే అంది కానీ నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళుగా ఏ ఊరికి బండి తీసినా నా పక్క సీట్లో సంచి కూర్చుంటోంది. బాగున్నది ఏదైనా కనిపిస్తే నేను సంచికి చూపించుకోవాలి.

అలా బయల్దేరాను. విమానం గురించి రాయను, అందులో నా కాళ్ళు పట్టలేదు, అంతే. అక్కడి రాజధానిలో అద్దెకార్ల ఆఫీసులో ఒక అమ్మాయి ఏనుగు పిల్లంత తెల్ల జీపు అప్పగించి, వెనక రెండు స్టెప్నీ టైర్లు చూపించింది. రెండెందుకని అడిగితే, “ఒకటి చాలదు కాబట్టి,” అంది. ఆ మాటతో నా ధైర్యం సగం దిగిపోయింది. వెంటనే పక్క దుకాణంలో నాలుగు నిమ్మకాయలు కొని నాలుగు చక్రాల కింద పెట్టాను. ఆ అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. బండి కదిలించాను. మూడు పగిలాయి. నాలుగోది చెక్కుచెదరకుండా దొర్లుకుంటూ వెళ్ళి ఆ అమ్మాయి బూటు దగ్గర ఆగింది. ఆమె దాన్ని తీసుకుని, తుడిచి, కిటికీలోంచి నా చేతికిచ్చి, “ఇది ఇన్సూరెన్సులోకి రాదు,” అంది.

ఊరు దాటిన గంటకు తారు అయిపోయింది. తర్వాత అంతా కంకర. ఆ కంకర మీద గాలీ చక్రాలూ కలిసి అలలు అలలుగా గట్లు కట్టాయి. దాని మీద పోతుంటే నా పళ్ళు ఒక్కొక్కటీ తమ తమ స్థానాలు మార్చుకుని మళ్ళీ వచ్చి కూర్చున్నాయి. అయినా తల తిప్పి చూడకుండా ఉండలేకపోయాను. పక్కన పసుపు గడ్డి, గడ్డి దాటితే నీలం కొండలు, వాటి మధ్య ఇల్లు లేదు, స్తంభం లేదు, మనిషి లేడు. రెండు కత్తులను నిటారుగా నెత్తిన పెట్టుకున్నట్టు కొమ్ములున్న జింక ఒకటి రోడ్డు పక్కన నిలబడి, పన్ను కట్టావా అన్నట్టు నన్ను చూసింది.

మధ్యాహ్నం రెండింటికి టైరు పేలింది. ఆ శబ్దానికి పక్క దేశంలో కుక్కలు మొరిగాయి. కాదు. ఇంట్లో ఒప్పందం ఉంది కాబట్టి సరిదిద్దుతున్నాను: ఉస్సుమంది. అంతే. కానీ ఉస్సుమన్న తర్వాత ఏర్పడిన నిశ్శబ్దం ఉందే, దాన్ని మాత్రం నేను ఒక్క అంగుళం పెంచడం లేదు. ఇంజను ఆపాక నా చెవుల్లో నా రక్తమే పారుతున్న చప్పుడు విన్నాను. ఫోనులో సిగ్నలు లేదు. నా జీవితంలో టైరు మార్చింది లేదు. జాకీ బయటికి తీసి, దాని తల ఏదో తోక ఏదో తెలియక, ఎండలో దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తూ గంటన్నర గడిపాను.

అప్పుడు దూరంగా దుమ్ము లేచింది. దుమ్ములోంచి పాత ట్రక్కు, ట్రక్కులోంచి ముసలాయన ఒకరు దిగారు. ఆ దారిలో ఆగిన బండిని దాటి ఎవరూ పోరట. అక్కడి రైతు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. కానీ ఆ మాటతీరు విన్నాక నాకు మా వైపు భాషలో తప్ప గుర్తుండలేదు.

“యాడ నుంచి వచ్చినావప్పా?”

“ఇండియా. చిత్తూరు.”

“ఒగడివేనా?”

“ఒగణ్ణే.”

“ఇంట్లో వాళ్ళు ఎట్ల పంపించినారు?” అంటూనే జాకీని నా చేతిలోంచి లాక్కుని, ఇరవై నిమిషాల్లో పని పూర్తి చేశారు. పొలం ఎంత ఉందని అడిగాను. వృత్తి అలవాటు. పదివేల హెక్టార్లు అన్నారు, ఇంటి పెరడు గురించి చెప్పినంత తేలిగ్గా. నేను వేళ్ళ మీద ఎకరాలు కట్టబోయి వేళ్ళు చాలక మానుకున్నాను. వాన లేని నేల కాబట్టి అంత ఉంటేనే నాలుగు గొర్రెలు బతుకుతాయట.

“మరి గట్టు తగాదాలు రావా?” అన్నాను.

“పక్క రైతు ఇల్లు నలభై కిలోమీటర్లు. తగాదా పడాలన్నా ముందు కనిపించాల గదా!”

మా ఊళ్ళో మూరెడు గట్టు కోసం అన్నదమ్ములు మాటలు మానేసిన దస్తావేజులు నా చేతి మీదుగా ఎన్ని పోయాయో! కృతజ్ఞతగా మా ఆవిడ కట్టిచ్చిన మామిడి తాండ్ర ముక్క ఒకటి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వంచి చూసి, సాగదీసి చూసి, “టైరుకు మంచి ప్యాచే. దీనికి జిగురు వేరుగా పూయాలా?” అన్నారు. తినేదని చెప్పాక నోట్లో వేసుకుని, ట్రక్కెక్కి, దుమ్ములో కలిసిపోయేదాకా నములుతూనే ఉన్నారు.

ఎడారి అంచున ఉన్న బసకు పొద్దు వాలే ముందు చేరాను. మర్నాడు తెల్లవారగానే ఎడారిలోకి పోయే పార్కు గేటు తీశారు. ఆఖరి ఐదు కిలోమీటర్లు మెత్తటి ఇసుక. అక్కడ నేను తోలలేదు, మరో పది మందితో పాటు పార్కువాళ్ళ జీపులో కూర్చున్నాను. దిగి, ఒక ఇసుక దిబ్బ ఎక్కి, అవతలి వైపు చూశాను.

ఇక్కడ నాకు కొంచెం ఇబ్బంది ఉంది. నా దగ్గర కొలతలు చాలానే ఉన్నాయి. పెద్దదంటే ఏనుగు, ఎత్తంటే ఏడు కొండలు, ఎక్కువంటే బ్రహ్మోత్సవం నాటి జనం. వీటితో ఇన్నేళ్ళూ ఏ పిల్లినైనా పులిని చేశాను. ఆ పొద్దున వాటిని ఒక్కొక్కటిగా తీసి ఎదురుగా పెట్టి చూస్తే ఒక్కటీ పనికిరాలేదు. పెంచడానికి కొంచెం ఖాళీ ఉండాలి కదా! అక్కడ అంతా నిండిపోయి ఉంది. కింద పాలు విరిగి గడ్డకట్టినట్టు తెల్లటి నేల. చుట్టూ ఎర్ర ఇసుక కొండలు, ఒక వైపు ఎండ, ఒక వైపు నీడ, మధ్య అంచు కత్తితో కోసినట్టు. ఆ తెల్ల నేల మీద నల్లగా చెట్లు. చచ్చిపోయిన చెట్లు. వందల ఏళ్ళ కిందట నీళ్ళు ఇటు రావడం ఆగిపోతే ఎండిపోయి, కుళ్ళడానికైనా తడి లేక, అప్పటి నుంచి నిలబడే ఉన్నాయట. కొమ్మలు చాచి ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి ఇప్పుడే కదులుతుందేమోనని చాలాసేపు చూశాను. జీపులో నాతో వచ్చిన పది మందీ మాటలు మానేశారు. నేనూ మానేశాను. అది నా చరిత్రలోనే మొదటిసారి అని నాతో తిరిగినవాళ్ళు ఒప్పుకుంటారు.

సాయంత్రం బసలో సిగ్నలు దొరకగానే ఇంటికి వీడియో కాల్ చేసి, ఉన్నది ఉన్నట్టే చెప్పడం మొదలుపెట్టాను. తెల్ల నేల దాకా వచ్చేసరికి ఆమె చెయ్యెత్తింది.

“ఆపు. ఐరావతం ఎప్పుడొస్తాది?”

“ఫొటోలు పంపిస్తా చూడు!”

పంపించాను. చూసింది. “ఈ కాలంలో ఫొటోలదేముంది? మొన్న ఏనుగు స్కూటర్ తోలే బొమ్మ వచ్చింది. బాగా తోలతాంది గూడా.”

“నేను నిజంగానే చూసినా మే.”

“నువ్వు సెప్తే నిజం గూడా అబద్ధం మాదిరి ఇనపడతాది. ఏం జేస్తాం. బువ్వ తిన్నావా?”

ఫోను పెట్టేశాక మంచం మీద అలా కూర్చుండిపోయాను. దేశాలు దాటి వచ్చి, నా జన్మకు చూడగలిగినంత గొప్పది చూసి, చెప్పాల్సిన ఒక్క మనిషికి చెప్పలేకపోయాను. తప్పు ఎడారిది కాదు. ఇరవై రెండేళ్ళు నేను వాడిన మాటలదే.

మర్నాడు వేరే ఊరికి పోవాలి. పోలేదు. మళ్ళీ అదే చోటికి వెళ్ళాను. ఈసారి నోరు మూసుకుని, ఆ తెల్ల నేలను ఈ చివర నుంచి ఆ చివరకు అడుగులు లెక్కపెడుతూ నడిచాను. తర్వాత అడ్డంగా నడిచాను. ఫొటోలు తీసుకుంటున్నవాళ్ళు, ఎవడో కొనడానికి వచ్చినట్టున్నాడని నాకు దారి ఇచ్చారు. మధ్యాహ్నం బసకు వచ్చి, ఒక తెల్ల కాగితం అడిగి తీసుకుని, బడ్డీలో కూర్చున్నట్టే కూర్చుని రాశాను.

“నమీబ్ ఎడారిలో తెల్లటి గట్టి మట్టి నేల. పొడవు నా అడుగులతో ఎనిమిది వందల చిల్లర. వెడల్పు అందులో సగానికి తక్కువ. అందులో ఎండిన చెట్లు, నిలబడి ఉన్నవి. చెక్కుబంది: తూర్పున ఎర్ర ఇసుక కొండ. పడమర ఎర్ర ఇసుక కొండ. ఉత్తరాన ఎర్ర ఇసుక కొండ. దక్షిణాన అన్నిటికన్నా ఎత్తయిన ఎర్ర ఇసుక కొండ. నీటి వసతి లేదు. బండి బాట లేదు, నడిచి పోవలెను. స్వాధీన అనుభవంలో ఉన్నవారు ఎవరూ లేరు.”

కింద సంతకం చేసి, ఫొటో తీసి ఆమెకు పంపాను. తర్వాత ఆమే ఫోను చేసింది. గొంతులో ఎకసెక్కం లేదు.

“ఆ చెట్లు ఎండిపొయ్యి ఎన్నేండ్లయింది?”

“వందల ఏండ్లంట.”

“ఎవురూ కొట్టుకోని పోలేదా, పొయ్యిలోకి?”

“లేదు. చుట్టుపక్కల మనుషులే లేరు.”

“గాలికి గూడా పడలేదా?”

“పడలేదు.”

“అట్లనే నిలబడుకోనుండాయా?”

“అట్లనే నిలబడుకోనుండాయి.”

ఇంకేమీ అడగలేదు. ఫోను మాత్రం పెట్టలేదు.

మిగిలిన వారం రోజుల్లో సముద్రం పక్కన పొగమంచులో దారి తప్పాను, రెండో స్టెప్నీ కూడా వాడాను, ఉప్పుతో వేసిన రోడ్డు మీద తోలాను. అవన్నీ ఇంటికి వచ్చి చెప్పబోతే ఆమె పెద్దగా పట్టించుకోలేదు. నమ్మిందో లేదో కూడా నోరు తెరిచి చెప్పలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

వచ్చిన నాలుగో రోజు పొద్దున నేను పేపరు చదువుకుంటుంటే, వంటింట్లో ఆమె పుత్తూరులో ఉండే చెల్లెలితో ఫోనులో మాట్లాడుతోంది.

“ఇసకంటే ఏట్లో ఇసక అనుకుంటివా మే? మన ఏడు కొండలూ ఒగదాని మీద ఒగటి పెట్టినట్ల ఉండాదంట! ఆ చెట్లు రామాయణం నాటివంట! ఒగ ఆకు లేదంట, ఒగ పిట్ట లేదంట. తాకితే కంచు మోగినట్ల మోగుతాయంట!”

నేను పేపరు కింద పెట్టి కేక వేశాను. “మే, అంత లేదు! కొండ మూడు వందల మీటర్ల పైచిలుకు, అంతే. మోగుతాయని నేను రాయలేదు!”

“నువ్వు గమ్మునుండు. నీకు సెప్పను రాదు,” అంది. తర్వాత ఫోనును కొంగుతో మూసి, గుమ్మం దాకా వచ్చి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. “ఏమయ్యా, ఆ చెట్ల కాడికి చెప్పులేసుకోనే పోవచ్చునా, లేకుంటే బయటే ఇడిసి పోవాల్నా?”

ఆ సంగతి నాకు తట్టనే లేదు. “బూట్లతోనే తిరిగినా,” అన్నాను.

ఆమె నన్నొక చూపు చూసి ఫోను మళ్ళీ చెవికి పెట్టుకుంది.

“ఈయప్పకు ఏమీ తెలీదు మే. నేను పొయ్యి సూసుకుంటాలే.”