లారీ వెనక దుంగ

పెట్రోలు ఎలా మిగల్చాలో నన్నడిగితే ఇప్పటికీ గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. ఆ విద్యలో నన్ను మించినవాడు అప్పట్లో అరకు ఘాటీలో లేడు. గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి. తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది, ముందు నా మీదే.

పంతొమ్మిది వందల ఇరవైల చివర, మోటారు లారీలు కొండెక్కడం అప్పుడప్పుడే మొదలైన రోజులు. కింద మైదానంలో ఒక షావుకారు లారీ కొని నన్ను డ్రైవరుగా పెట్టుకున్నాడు. ఉప్పు, కిరసనాయిలు డుంబ్రిగుడ సంతకి తీసుకెళ్లి, అక్కణ్ణించి చింతపండు, పిప్పళ్లు, నూనె తీసే వలిసె గింజలు దించుకురావాలి. లారీ కొన్ననాటి నుంచి ఆయనకి కంటి మీద కునుకు లేదు. పెట్రోలు ఆవిరైపోతుందని డబ్బా మూతకి గుడ్డ చుట్టించేవాడు. "దిగినప్పుడు ఇంజను ఎందుకురా తిప్పుతావు? కొండే తోసీదా?" అని రోజూ ఇదే గోల. ఇంజను ఆపి, గేరు తీసి దిగితే ఇక బ్రేకులే దిక్కు. ఆ బ్రేకుల పట్టీలు నాలుగు ట్రిప్పులకే అరిగిపోతే మళ్లీ గుండెలు బాదుకునేదీ ఆయనే. ఇంజనూ తిరగకూడదు, బ్రేకూ అరగకూడదు! నా ప్రాణం ఒక్కటే ఆ మహానుభావుడికి చవగ్గా కనిపించింది.

దారి చూపించింది ఒక కొండాయన. నాకన్నా పదేళ్లు పెద్ద, మామా అని పిలిచేవాణ్ణి. ఎగువలో లారీ నీళ్లు మరిగి ఆగినప్పుడల్లా దిగి చక్రం వెనక చెక్క పెట్టడం ఆయన పని. ఒకరోజు నా అవస్థ చూసి నవ్వాడు.

"మా బళ్లు ఎలా దిగుతాయో సూడ్నేదా బాబూ? ఎనకాల దుంగ కట్టీసి ఒగ్గీయ్. అదే పట్టుకుంటాది."

నిజమే, కొండవాళ్ల నాటుబళ్లు వెనక దుంగ ఈడ్చుకుంటూనే దిగేవి. అప్పట్నించీ దిగువ మొదలయ్యే చోట లారీ ఆపేవాణ్ణి. మామ ఒక చెట్టు చూసుకుని, దాని మొదట్లో చిటికెడు బియ్యం వేసి, కొండ తల్లితో మెల్లగా ఏదో చెప్పుకుని, అప్పుడు గొడ్డలి ఎత్తేవాడు.

"బేగి కానీ మామా" అని విసుక్కునేవాణ్ణి.

"అడక్కుండా ఎలా కొడతాం బాబూ" అనేవాడు.

దుంగకి తాడు కట్టి, ముడి రెండుసార్లు లాగి చూసి, అప్పుడొచ్చి నా పక్కన కూర్చునేవాడు. ఇంజను ఆపేసినా లారీ మచ్చికైన ఎద్దులా దిగేది. బ్రేకు మీద కాలు ఊరికే ఆనించి ఉంచితే చాలు.

షావుకారు మురిసిపోయాడు. "ఒరే, నీది బుర్రంటే బుర్రరా!" అన్నాడు. ఆ బుర్ర నాది కాదని నేను చెప్పలేదు. రెండు వారాలు పోయాక ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. కొండ దిగాక పారేసే దుంగని లారీలో వేసుకొస్తే ఇంట్లో పొయ్యికి కర్ర కొనక్కర్లేదు కదా! "ఒకటేటిరా, రెండేసి కట్టండి" అన్నాడు. రెండేసి కట్టాం. ఫారెస్టు వాళ్ల చీటీ లేకుండా అడవిలో కొమ్మ విరిచినా నేరమని ఆయనకి తెలుసు. నాకూ తెలుసు, సిగ్గులేనివాణ్ణి.

ఒక మధ్యాహ్నం మామ ముడి బిగిస్తుంటే ఫారెస్టు గార్డు వచ్చి నిలబడ్డాడు. "ఎవడ్రా కొట్టింది?"

"నానే బాబూ. అమ్మని అడిగే కొట్టినాను" అన్నాడు మామ. బెదురు లేదు. చీటీ తీసి చూపించినంత ధీమాగా చెప్పాడు. గార్డు పడిపడి నవ్వి, నా వైపు తిరిగాడు.

"నువ్వు కొట్టమన్నావా?"

అవునండీ, షావుకారు చెప్పాడు, నేను కొట్టించాను అంటే సరిపోయేది. నేరం ముగ్గురి మీదా పడేది, మామ ఒక్కడే మోయక్కర్లేదు. కానీ లారీ పట్టుకుపోతారు, నా ఉద్యోగం పోతుంది.

"నాకేటి తెలుసండీ. సరుకు తోలుకుపోవడమే నా పని" అన్నాను.

థూ, నా నోట్లో మన్ను పడ!

కింద పోలీసు స్టేషనుకి మామని నా లారీలోనే తీసుకురమ్మన్నాడు గార్డు, తనూ ఎక్కి కూర్చున్నాడు. దుంగలు సాక్ష్యం కాబట్టి అలాగే ఉండనిమ్మన్నాడు. మామ ఎప్పట్లాగే ముడి రెండుసార్లు లాగి చూశాడు. నేను ఎప్పట్లాగే ఇంజను ఆపాను. సగం దారిలో గార్డు, "ఓహో, పెట్రోలు బాగానే మిగుల్తోందే!" అని మెచ్చుకున్నాడు. దారంతా మామ నాతో మామూలుగానే మాట్లాడాడు, ఆ ఏడాది చలి గురించి, వలిసె చేను గురించి. నా మాటకి ఆయనకి కోపం వచ్చిందేమోనని వెతికాను. రాలేదు. ఇద్దరం కలిసి చేసిన పనికి ఇద్దరం కలిసే వెళ్తున్నామని ఆయన అనుకుంటున్నాడని నాకప్పటికి తట్టలేదు.

స్టేషను దగ్గర గార్డు దిగి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. మామ దిగి, రెండడుగులు వేసి, నాకోసం ఆగాడు.

"నువ్వు దిగవేటి బాబూ?"

"సరుకు దించాలి మామా" అన్నాను.

ఆయన నమ్మాడు. "అయితే దించీసి బేగి వొచ్చీ" అని లోపలికి నడిచాడు.

నేను వెళ్లలేదు.